ఫ్లోరిన్ పద్దెనిమిది

"ఇక గంటసేపు మాట్లాడకూడదు టీచర్. గొణుక్కోవడం కూడా వద్దు. పళ్ళు బిగించకండి. గొంతు అసలు కదపకండి," అంది టెక్నీషియను. ఎడమ మోచేతి మడతలో సూది తీసిన చోట దూది పెట్టి ఒత్తింది, సీసం తొడుగున్న సిరంజిని సీసం డబ్బాలో పెట్టి మూత బిగించింది, తలుపు దాకా వెళ్ళి ఆగింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "మీకెక్కించిన ఫ్లోరిను బరువు నీళ్ళలోంచి తయారవుతుంది, తెలుసా టీచర్?" అని, జవాబు కోసం ఆగకుండా, ఆగినా జవాబు రాదని తెలిసే, వెళ్ళిపోయింది. సీసం పలక బిగించిన తలుపు దాని పాటికి అది నింపాదిగా మూసుకుంది.

పొద్దున్నుంచి ఈ ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి అమ్మా అన్నారు. వేలికి సూది గుచ్చి చక్కెర ఎంతుందో చూసినవాడు పెద్దమ్మా అన్నాడు, చూడబోతే వాడికే యాభై నిండినట్టున్నాయి. టీచర్ అని ఎవరూ అనలేదు. ఎలా అంటారు, కాగితంలో ఉన్నది వయసు, ఎత్తు, బరువు, రోగం, అంతే. ముప్ఫైనాలుగేళ్ళు సైన్సు చెప్పిందని అందులో ఎక్కడా రాయలేదు. మరి దీనికెలా తెలిసింది. రెండుసార్లు అంది, రెండో వరసలోంచి లేచి నిలబడి అన్నట్టే అంది. పైగా బరువు నీళ్ళట. బరువు నీళ్ళు. ఓహో. నువ్వా. భారజలమా. ఎంత చిక్కిపోయావే, ఆ బుగ్గలన్నీ ఏమయ్యాయే, అని నోటిదాకా వచ్చిన మాటని ఆవిడ గుటుక్కున మింగేసింది. మింగడమంటే గొంతు కదలడమే కదా అని ఆ వెంటనే గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

చిన్న గది. వెనక్కి వాలే కుర్చీ, మెడ దాకా కప్పిన దుప్పటి, ఎదురుగా గోడ గడియారం, పైన మూలలో కెమెరా, దాని కింద చిన్న స్పీకరు. పుస్తకం ఇవ్వరు, ఫోను ఇవ్వరు. బయట తమ్ముడు కూర్చుని ఉంటాడు, పక్కనెవరుంటే వాళ్ళకి అక్క రోగం సంగతంతా పూసగుచ్చినట్టు చెబుతూ ఉంటాడు. వాడికేం, వాడి గొంతు బాగానే ఉంది. రోగం వచ్చింది ఈవిడ గొంతుకి. కుడి పక్కన, స్వరపేటికని ఆనుకుని, బఠాణీ గింజంత గడ్డ. డాక్టరు తన మెడ మీదే పెన్ను ఆనించి చూపించాడు. స్కానులో గడ్డ ఒక్కటే వెలిగితే దాన్ని తీసేసి ఇంటికి పంపిస్తాం. పక్కనున్న స్వరతంత్రులు కూడా వెలిగితే అక్కడికీ పాకిందన్నమాట, పేటిక మొత్తం తీసేయాలి. తీసేస్తే? అని అడిగింది. తీసేస్తే మాట ఉండదమ్మా, అన్నాడు, గోడ మీది బూజు తీసేస్తామన్నంత తేలిగ్గా. ఇందులో ఇంకో తిరకాసుంది. ఈ మందు చక్కెర వేషం వేసుకున్న ఫ్లోరిను. ఏ కండ పనిచేస్తుంటే ఆ కండ చక్కెర అనుకుని దీన్ని తాగేస్తుంది, స్కానులో వెలుగుతుంది. అందుకని ఈ గంటలో మాట్లాడితే, ఏ రోగమూ లేని తంత్రులు కూడా వెలుగుతాయి. ఆ వెలుగు రోగానిదా, నోటిదా అని తేల్చుకోలేరు. తేలకపోతే కత్తి పట్టుకుంటారు. కాబట్టి నోరు మూసుకుని పడుండాలి, పిల్లలు యాసిడ్ టీచరని పేరు పెట్టుకున్న మనిషి, ఆ పేరు చాటుగా విని లోలోపల మురిసిపోయిన మనిషి, ఒక మాట అంటే పది మాటలు అని గానీ ఊరుకోని మనిషి.

అదను చూసి అన్నావు కదే. సూది గుచ్చేదాకా నోరు మెదపకుండా, ఇక ఈవిడ నోరు కట్టేశాం అని రూఢి చేసుకున్నాక అన్నావు. అన్నదైనా తిన్నగా అన్నావా. బరువు నీళ్ళంటే ఏ బరువు నీళ్ళు? నీళ్ళు రెండు రకాలుగా బరువెక్కుతాయి. హైడ్రోజన్ బరువెక్కితే భారజలం. ఆక్సిజన్ బరువెక్కితే అది వేరే సరుకు, దాన్ని భారజలం అనరు. ఫ్లోరిన్ చేసేది ఆ రెండో రకం నీళ్ళతో. పద్దెనిమిది బరువున్న ఆక్సిజన్‌ని పట్టుకుని ప్రోటానుతో కొడితే, ఆ ప్రోటాను లోపలే ఉండిపోతుంది, ఒక న్యూట్రాను బయటికి పోతుంది, ఎనిమిది ప్రోటాన్ల ఆక్సిజన్ తొమ్మిది ప్రోటాన్ల ఫ్లోరిన్ అయి కూర్చుంటుంది. ప్రోటాన్ల లెక్క మారితే పేరే మారిపోతుంది, న్యూట్రాన్ల లెక్క మారితే పేరు అదే, బరువే తేడా. అవే ఐసోటోపులు. ఇంత చిన్న విషయం ముప్ఫైనాలుగేళ్ళు గొంతు చించుకుని చెప్పాను. రెండు రకాల బరువు నీళ్ళకీ తేడా చెప్పకుండా గాల్లోకి మాట వదిలేసి పోతావా. రా, వచ్చి నిలబడు, సరిగ్గా చెప్పు.

"టీచర్, పెదవులు కదులుతున్నాయి," అంది స్పీకరు.

కదులుతున్నాయా. కదిలే ఉంటాయి. రేపటి పాఠం ఇవాళ ఇంట్లో గొణుక్కుంటూ తయారుచేసుకోవడం చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, అమ్మ వంటింట్లోంచి ఎవరితోనే మాట్లాడుతున్నావు అని కేకేసేది. మనసులో అనుకున్నది కూడా గొంతులోంచే పోతుంది కాబోలు. ఆవిడ పెదవులు బిగించి, బిగించకూడదని వదిలేసి, నోరు కాస్త తెరుచుకుని పడుకుంది, ఎంత అసహ్యంగా ఉంటుందో ఆ కెమెరాలో. పదకొండు నిమిషాలయింది. చూస్తోంది అది, గోడ అవతల తెర ముందు కూర్చుని చూస్తోంది, టీ తాగుతూ చూస్తోందేమో. చూడు. తరగతి ముందు నిన్ను నిలబెట్టి అందరికీ చూపించింది కదా ఈవిడ, ఇప్పుడు నీ వంతు వచ్చింది, కరువుతీరా చూసుకో.

ఆ రోజు ఆవిడకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది, ఎందుకంటే ఆ పాఠం గురించి ఎంతమంది దగ్గర గొప్పలు చెప్పుకుందో లెక్కలేదు. ఐసోటోపులంటే ఎంత మొత్తుకున్నా ఒక్క మొహంలోనూ వెలుగు రాని క్లాసు అది. రెండో వరసలో కవలలు, ఒకే కళ్ళు, ఒకే ముక్కు, ఒకేలా అల్లిన జడలు. ఒకత్తి పుల్లలా ఉండేది, ఒకత్తి బొద్దుగా, బొద్దుకన్నా ఇంకొంచెం ఎక్కువగా. ఇద్దరినీ బల్ల దగ్గరికి పిలిచి పక్కపక్కన నిలబెట్టింది. చూడండర్రా, ఇవే ఐసోటోపులు. ఒకే ఇల్లు, ఒకే మొహం, పట్టికలో ఒకటే గడి. తేడా ఎక్కడుంది? అని అడిగేసరికి క్లాసంతా ఒక్క గొంతుతో బరువులో టీచర్ అంది. ఇది నీళ్ళు, ఇది భారజలం, అంది ఈవిడ, ఒక్కొక్కరి నెత్తి మీద డస్టరు ఆనించి. నవ్వుతో కిటికీలు అదిరాయి. పరీక్షలో ఆ ప్రశ్నకి ఒక్కరు తప్పు రాయలేదు. ఒక్కరు కూడా. అంత బాగా చెప్పిన పాఠం ఇంకోటి లేదు. ఆ పేరు ఆ పిల్లకి బడి వదిలేదాకా అంటుకునే ఉంది, సిరా మరకలా, చిన్న తరగతుల పిల్లలు కూడా భారజలం అక్కా అనే పిలిచేవాళ్ళు. ఆ పిల్ల ఏడవలేదు. తల మీద పడ్డ సుద్దపొడి దులుపుకోలేదు కూడా. మధ్యాహ్నం భోజనాలప్పుడు మాత్రం గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది, తరవాత తరవాత డబ్బా తెరవడమే మానేసింది. ఈవిడ చూసింది. చూసి, మంచిదే, ఒళ్ళు తగ్గుతుంది అనుకుంది.

అదిగో తగ్గింది కదా. నా పుణ్యమే. ఇంతకన్నా ఏం కావాలి నీకు. ఉద్యోగం ఉంది, ఒళ్ళు తగ్గింది, యంత్రాల మధ్య తిరుగుతున్నావు, నన్ను కుర్చీలో కట్టిపడేసి ఎత్తిపొడుస్తున్నావు. పుల్లలాంటి ఆ రెండోదైతే ఈ మాట అనగలిగేదా, చచ్చినా అనలేదు, చిలక, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం తప్ప సొంతంగా ఒక్క ముక్క అని ఎరగదు. నీకే ఉంది ఆ పొగరు. ఫ్లోరిన్ అని నొక్కి మరీ పలికావు. నాకు తెలియదనుకోకు ఎందుకు నొక్కావో.

"టీచర్, దవడ," అంది స్పీకరు, ఈసారి మెల్లిగా.

దవడ వదిలింది. చేతులు దుప్పటి కింద పెట్టుకుంది. ఇరవైమూడు నిమిషాలు. దీన్ని తలుచుకున్నకొద్దీ గొంతు లేస్తుంది, కాబట్టి తలుచుకోకూడదు. ఇంకేదైనా తలుచుకోవాలి. హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం అని మొదలుపెట్టింది, బోరాన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, తొమ్మిదో గడి దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఛీ, అక్కడా అదే. లోపల ఏం జరుగుతోందో లెక్క కడదామనుకుంది. నూట పది నిమిషాలకి సగం అయిపోతుంది ఈ ఫ్లోరిన్, గంటకి దాదాపు మూడో వంతు. అయిపోవడమంటే మాయమవడం కాదు, ఒక ప్రోటాను న్యూట్రానుగా మారి, మళ్ళీ పాత ఆక్సిజనే అయిపోతుంది, బరువు ఆక్సిజన్. అప్పటిదాకా ఏ కణంలో దూరిందో ఆ కణంలోనే ఇరుక్కుని ఉంటుంది. కణం దాన్ని చక్కెర అనుకుని తీసుకుంటుంది గానీ అరిగించుకోలేదు, బయటికి గెంటనూ లేదు. ఫ్లోరిను ఆక్సిజనుగా మారాక మాత్రం అది నిజం చక్కెరే అయిపోతుంది, ఆ కణం దాన్ని నిక్షేపంగా అరిగించుకుంటుంది. రోగమొచ్చిందని తెలిశాక మూడు రోజులు కూర్చుని ఇదంతా చదువుకుంది ఈవిడ. చదివి, బాగానే ఉంది కథ, పాఠ్యపుస్తకంలో ఆఖరి పేరాలో పెట్టుకోవడానికి, అని పుస్తకం మూసేసింది. మనుషుల లోపల ఇరుక్కున్నవి నూట పది నిమిషాలకి మారవు. ఇరవైరెండేళ్ళయినా మారవు. దాన్ని చూస్తే తెలియడం లేదూ. తనని చూసుకుంటే తెలియడం లేదూ.

ఆ తరవాతి పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్న. ఫ్లోరిన్‌కి ఎన్ని ఐసోటోపులున్నాయి. పుస్తకంలో ఒక్కటే అని ఉంది, పంతొమ్మిది బరువున్నది. పుల్లలాంటి చెల్లెలు ఒక్కటే అని రాసింది. భారజలం మాత్రం, ప్రకృతిలో దొరికేది ఒక్కటే, యంత్రంలో చేసినవి ఇంకా ఉన్నాయి, వాటిలో ఒకటి పద్దెనిమిది, అది రెండు గంటల లోపే సగమైపోతుంది, అని నాలుగు వరసలు రాసింది. ఆ బడిలో ఓ పద్ధతి ఉండేది. సైన్సులో మొదటి మార్కు ఎవరికొస్తే వాళ్ళ చేతికి ఏడాదంతా ప్రయోగశాల తాళంచెవి ఇచ్చేవాళ్ళు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకోవచ్చు. ఆ పిల్ల కళ్ళన్నీ ఆ తాళంచెవి మీదే ఉండేవి. ఈ ఒక్క మార్కు వేస్తే దానికే వస్తుంది, వేయకపోతే చెల్లెలికి పోతుంది, మిగతా పేపరులో అక్కాచెల్లెళ్ళిద్దరికీ సరిసమానం, మార్కులు కలిస్తే పెద్దదానికే ఇస్తారు. ఈవిడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. మర్నాడు ఆ పిల్లని నిలబెట్టి జవాబు బిగ్గరగా చదివించింది. పంతొమ్మిది కాస్తా పద్దెనిమిది అయిందా, నువ్వు తిండి మానేశావని విన్నాను, ఫ్లోరిన్‌కి కూడా నేర్పావా, అని అడిగింది. మళ్ళీ కిటికీలు అదిరాయి. తాళంచెవి చెల్లెలి చేతికి పోయింది.

సరే, తెలియక ఆ జవాబు కొట్టేశాను, పుస్తకంలో ఉన్నదే కదా నేను చూడాలి, ప్రతి పిల్లా ఊహించి రాసినదానికల్లా మార్కులు వేస్తూ పోతే పరీక్షలెందుకు, పైనుంచి వచ్చిన జవాబుల కాగితంలో కూడా ఒక్కటే అనే ఉంది, కావాలంటే వాళ్ళనడుగు, నన్నంటావెందుకు. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగకుండానే చెప్పుకుంటూ వచ్చిన సమాధానం ఇది. ఇప్పుడూ గొంతులోకి అదే వచ్చింది, నాలిక వెనక సన్నగా వణికింది, బఠాణీ గింజ పక్కన. వణకగానే భయమేసింది. నిజంగా భయమేసింది. ఈ వాదన ఆగితే గాని గొంతు ఆగదు. ఈ వాదన ఎందుకు ఆగడం లేదో ఆవిడకి తెలుసు. అబద్ధం కాబట్టి. అబద్ధాన్ని నిలబెట్టాలంటే నోరు ఆడుతూనే ఉండాలి.

తెలియక కొట్టేయలేదు. పేపర్లు దిద్దిన సాయంత్రమే స్టాఫ్‌రూము బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసింది, ఈ పిల్ల ఎక్కడ చూసి రాసిందా అని. వెనక పేజీల్లో పట్టిక. ఫ్లోరిన్ వరసలో పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. పంతొమ్మిది పక్కన స్థిరం అని ఉంది, పద్దెనిమిది పక్కన నూట పది నిమిషాలని ఉంది. పుస్తకం అట్ట లోపల గడువు కాగితం మీద తీసుకున్నవాళ్ళ పేర్లలో ఆఖరున గుండ్రటి అక్షరాలతో ఆ పిల్ల పేరే ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల, తనకి తెలియని ముక్క తనకన్నా ముందు చదివింది. తలకొట్టేసినట్టయింది. పుస్తకాన్ని బీరువాలో పై అరలో, వెనక్కి, చెయ్యి అందనంత వెనక్కి తోసేసి, అప్పుడొచ్చి కూర్చుని సున్నా చుట్టింది. ముందు పుస్తకం, తరవాత సున్నా. ఆ వరస ఎవరికీ తెలియదు, ఆవిడకి తప్ప.

నలభైయొక్క నిమిషాలు. సరేనే. వింటున్నావా, వినవులే, గోడ అవతల ఉన్నావు. నీ మీద ప్రేమ పొంగిపొర్లి కాదు, నా గొంతు కోసం, ఈ గొంతు తప్ప నాకింకేం లేదు కాబట్టి, తీసుకో. ఒకటి. నీ ఒక్క మార్కు నువ్వు తీసుకో, నన్నొదిలిపెట్టు. దుప్పటి కింద కుడి చెయ్యి కదిలింది. చూపుడు వేలు కుర్చీ రెక్సిను మీద పైనుంచి కిందికి ఒక గీత గీసింది. సున్నా పైన ఒకటి. నిలబడలేదు ఆ గీత, మళ్ళీ గీసింది. ముప్ఫైనాలుగేళ్ళలో ఎన్ని పేపర్లు దిద్దిందో ఆ వేలు, దానికి ఆగడం తెలియదు, గీస్తూనే ఉంది, గట్టిగా, ఒకటి, ఒకటి, ఒకటి. విచిత్రం ఏమంటే గొంతు పడుకుంది. నాలిక వెనక వణుకు పోయింది. వాదించడానికి ఏమీ లేదు. గడియారం కేసి చూస్తూ, కోపంగానే, ఆవిడ మిగిలిన పంతొమ్మిది నిమిషాలూ మాట లేకుండా గడిపింది.

తరవాత సొరంగంలాంటి యంత్రంలో ఇరవై నిమిషాలు. అది కూడా అయ్యాక టెక్నీషియను వచ్చి చెయ్యి పట్టుకుని లేపి కూర్చోబెట్టింది, మూడడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

"ఇక మాట్లాడొచ్చు. నిజానికి డాక్టరుగారు చెప్పాలి, నేను చెప్పకూడదు. తంత్రులు వెలగలేదు టీచర్, గడ్డ ఒక్కటే వెలిగింది," అంది. "కానీ కుడి చెయ్యి మోచేతి దాకా వెలిగిపోతోంది. ఏం చేశారు పడుకుని?"

"మార్కు వేశాను," అంది ఆవిడ. గంటకి పైగా మూసి ఉంచిన గొంతు గరగరలాడింది. "నీ ఫ్లోరిన్ జవాబుకి. నువ్వు రాసింది సరైనదే. అప్పుడే తెలుసు నాకు, పుస్తకంలో చూసి మరీ సున్నా చుట్టాను. ఇప్పుడు ఒకటి వేశాను, తీసుకో."

టెక్నీషియను మాస్కు గడ్డం కిందికి లాగింది. అవే కళ్ళు, అదే ముక్కు.

"అది నేను రాయలేదు టీచర్," అంది. "నేను ఒక్కటే అని రాశాను, మీరు చెప్పినట్టే. నాకు మార్కు వేశారు. తాళంచెవి నాకే ఇచ్చారు. ఆ ఏడాదంతా అక్క నాతో ల్యాబులోకి రాలేదు. నేను నీళ్ళని."

ఆవిడ ఆ మొహం కేసి చూసింది. బరువు తప్ప ఇంకే గుర్తూ పెట్టుకోలేదు ఇద్దరికీ, ఎప్పుడూ.

"మరి అదెక్కడుంది?"

"కింద. ఫ్లోరిన్ చేసే యంత్రం నడిపేది తనే. మీకెక్కించింది పొద్దున అక్క తీసిందే."

"నాకని తెలుసా?"

"డబ్బాల మీద పేర్లు అతికించేది అక్కే."

టీచరు కుర్చీ అంచు పట్టుకుని లేచింది, దుప్పటి జారిపోయింది. "ఒక్కసారి పైకి రమ్మని చెప్పు. నేను కిందికి రాకూడదేమో, తననే రమ్మను. ఇందాక నీతో అన్న మాటే దానితో అంటాను. అంతకన్నా ఏం లేదు. అడుగు, నేను ఆగుతాను."

"పొద్దున్నే అడిగాను టీచర్. రానంది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. డబ్బా మూత బిగించి నా చేతికిచ్చింది, అంతే." గ్లాసుతో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి, చెయ్యి తగలకుండా ముందుకి తోసింది. "ఇవాళంతా బాగా నీళ్ళు తాగండి. ఒంట్లో ఇంకా రేడియేషను ఉంటుంది, చిన్నపిల్లల దగ్గరికి వెళ్ళకండి."

బయట తమ్ముడు పక్కవాళ్ళతో మాట మధ్యలో ఆపేసి ఎదురొచ్చాడు.

"ఏమన్నారక్కా?"

"మాట్లాడొచ్చన్నారు," అంది ఆవిడ, ఆ తరవాత ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.